చెమట: చర్మం విన్నపం, మెదడు ఆజ్ఞ

చెమట ఎందుకు పడుతుందని అడిగితే, ఒళ్ళు వేడెక్కుతుంది కనుక అని చిన్నపిల్లలు సైతం తడుముకోకుండా చెబుతారు. ఆ జవాబు తప్పు కాదు. కాని అందులో ఒక చిక్కు ఉన్నది. ఒళ్ళంటే ఏది? ఎండ తగిలే చర్మమా, లేక గుండె, కాలేయం, మెదడు కొలువై ఉన్న లోపలి భాగమా? ఈ రెండింటి ఉష్ణోగ్రత ఒకటి కాదు. నీడపట్టున సుఖంగా కూర్చున్న ఆరోగ్యవంతుని శరీరాంతర్భాగం 37 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో నిలకడగా ఉంటుంది. అతని చర్మం మాత్రం సగటున 33, 34 డిగ్రీల దగ్గర ఉంటుంది. చేతివేళ్ళు, పాదాలు ఇంకా చల్లగా ఉండవచ్చు. లోపలి వేడిమి అర డిగ్రీ మారితే చాలు, శరీర యంత్రాంగమంతా అప్రమత్తమవుతుంది. చర్మం వేడిమి రోజులో ఎన్ని డిగ్రీలు పైకీ కిందికీ ఊగినా ఆరోగ్యానికి ముప్పు ఉండదు. మరి చెమట పట్టవలసిందన్న ఆజ్ఞ వెలువడేటప్పుడు ఈ రెండింటిలో దేని మాట చెల్లుతుంది?

ఈ ప్రశ్న ప్రయోగశాలకే పరిమితమైనది కాదు. ఎండన పడి ఇంటికి వచ్చిన మనిషి చన్నీళ్ళు నాలుగు చెంబులు కుమ్మరించుకుంటాడు. ప్రాణం లేచి వచ్చినట్లుంటుంది. ఒళ్ళు తుడుచుకొని, ఇస్త్రీ చొక్కా తొడుక్కొని, గుండీలు పెట్టుకునేలోగా వీపంతా మళ్ళీ తడిసి ముద్దవుతుంది. స్నానం వృథా అయిందని అతడు విసుక్కుంటాడు. ఆ విసుగులో ఉన్న శాస్త్రమే ఈ వ్యాసానికి విషయం. దాన్ని విప్పి చెప్పడానికి మొదట శరీరం వేడి లెక్కను కొంత చూడవలసి ఉంటుంది.

ఏ పనీ చేయక కూర్చున్న మనిషి శరీరం కూడా దాదాపు 100 వాట్ల వేడిని పుట్టిస్తూనే ఉంటుంది. పాతకాలపు గుండు బల్బు ఒకటి లోపల నిరంతరం వెలుగుతున్నట్లే. గంటకు లెక్కగడితే అది సుమారు 360 కిలోజౌళ్ళు. 70 కిలోల బరువున్న శరీరం వేడిమిని ఒక డిగ్రీ పెంచడానికి 245 కిలోజౌళ్ళు చాలు. కనుక వేడి వెలుపలికి పోయే దారులన్నీ మూసుకుపోతే ఊరకే కూర్చున్న మనిషికి సైతం గంటకు ఒకటిన్నర డిగ్రీ చొప్పున జ్వరం పెరిగినట్లవుతుంది. మూడు గంటలు తిరిగేలోగా ప్రాణం మీదికి వస్తుంది. బరువులు మోసేవారు, తాపీపని చేసేవారు పుట్టించే వేడి దీనికి నాలుగింతలు ఉండవచ్చు.

గాలి చల్లగా ఉన్నంతకాలం ఈ వేడి చర్మం నుండి దానంతటదే బయటికి పోతుంది. వేడి ఎప్పుడూ ఎక్కువ వెచ్చనిచోటు నుండి తక్కువ వెచ్చనిచోటుకే ప్రవహిస్తుంది గదా! అయితే గాలి 35 డిగ్రీలు దాటిన తరువాత ప్రవాహం దిశ మారుతుంది. అప్పుడు బయటి వేడే చర్మంలోకి ప్రవేశిస్తుంది. ఆ స్థితిలో మిగిలిన దారి ఒక్కటే, చెమట ఆరిపోవడం. ఒక లీటరు చెమట చర్మం మీద పూర్తిగా ఆవిరి కావడానికి సుమారు 2,430 కిలోజౌళ్ళ వేడిని శరీరం నుండి లాగుకుంటుంది. ఊరక కూర్చున్న మనిషి గంటసేపు పుట్టించిన వేడినంతా వదిలించడానికి 150 మిల్లీలీటర్లు, అంటే ఒక చిన్న గ్లాసెడు చెమట ఆరితే చాలునన్నమాట. మట్టికుండలో నీళ్ళు చల్లబడడానికి, వట్టివేళ్ళ తడికల మీద నీళ్ళు చల్లితే గది చల్లబడడానికి కారణం ఇదే. ప్రకృతి మానవుని శరీరాన్నే ఒక కుండగా మలచింది. కుండకు లేని సదుపాయం ఒకటి అదనంగా ఇచ్చింది. కావలసినప్పుడే, కావలసినంతే ఊరే ఏర్పాటు అది.

చెమట మహిమను ప్రయోగపూర్వకంగా లోకానికి చూపినవారు పద్దెనిమిదవ శతాబ్ది ఆంగ్లేయులు. 1774లో లండన్‌లో జార్జ్ ఫోర్డైస్ అనే వైద్యుడు గదులను పొయ్యిలా కాగబెట్టి, మిత్రులను లోనికి ఆహ్వానించాడు. ఆ వచ్చినవారిలో చార్లెస్ బ్లాగ్డెన్, వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ బ్యాంక్స్ ఉన్నారు. చివరకు గది వేడిమి 260 ఫారెన్‌హైట్ డిగ్రీల వరకు, అంటే సెల్సియస్‌లో 127 డిగ్రీల దాకా పెరిగింది. నీరు మరిగే స్థాయిని మించిన ఆ గాలిలో బ్లాగ్డెన్ కొన్ని నిమిషాలు నిలబడి క్షేమంగా బయటికి వచ్చాడు. అదే గదిలో పెట్టిన గుడ్లు ఉడికాయి, మాంసం వేగింది. ఒక కుక్కను బుట్టలో ఉంచి లోనికి తీసుకువెళ్ళారు, నేల తగిలి దాని పాదాలు కాలకుండా. అది కూడా బతికింది.

బ్లాగ్డెన్ అంతటితో ఆగలేదు. అదే వేడిలో రెండు మట్టిపాత్రలలో నీళ్ళు ఉంచి, ఒకదానిపై మాత్రం మైనం వేశాడు. అది కరిగి పొరలా పరుచుకుంది. పొర ఉన్న నీళ్ళు బాగా వేడెక్కాయి. పొర లేనివి అంతగా వేడెక్కలేదు. ఆవిరి కావడమే చల్లబరుస్తున్నదని చెప్పడానికి ఇంతకంటే ముచ్చటైన నిదర్శనం దొరకదు. 1775లో ఈ వృత్తాంతం రాయల్ సొసైటీ పత్రికలో ప్రచురితమైంది.

చెమట ఏమి చేస్తుందో ఈ విధంగా తెలిసింది. దానికి ఆజ్ఞ ఇచ్చేదెవరో తేలడానికి మరి రెండు శతాబ్దాలు పట్టింది.

మెదడు అడుగుభాగంలో హైపోథాలమస్ అనే చిన్న భాగమున్నది. దాని ముందువైపు కొన్ని నాడీకణాలు తమలో ప్రవహించే రక్తం వేడిమిని నేరుగా పసిగట్టగలవు. చర్మంలోని నాడీ కొసలు తెచ్చే వార్తలు కూడా అక్కడికే చేరుతాయి. అక్కడ నుండి బయలుదేరిన ఆజ్ఞ వెన్నుపాము మీదుగా చర్మంలోని ఇరవై నుండి నలభై లక్షల స్వేదగ్రంథులకు అందుతుంది. ఆ చివరి మజిలీలో నాడికీ గ్రంథికీ మధ్య దూతగా పనిచేసే రసాయనం ఎసిటైల్‌కొలీన్ అని 1934లో హెన్రీ డేల్, విల్‌హెల్మ్ ఫెల్డ్‌బర్గ్ అనే శాస్త్రజ్ఞులు పిల్లి పాదంపై చేసిన ప్రయోగాలతో చూపారు. ఈ పేరును పాఠకులు గుర్తుంచుకోవడం మంచిది. ఇంట్లోని మందుల పెట్టె దగ్గర ఇది మళ్ళీ అవసరమవుతుంది.

ఇరవయ్యవ శతాబ్ది మధ్యకాలంలో పండితులు రెండు పక్షాలుగా చీలిపోయారు. ఎండ మొదట తగిలేది చర్మానికే కనుక చెమటకు ప్రేరణ చర్మం నుండే వస్తుందని ఒక పక్షం. కాదు, రక్తం వేడిమే ప్రధానమని మరో పక్షం. 1959లో అమెరికాలోని బెథెస్డాలో నౌకాదళ వైద్య పరిశోధన సంస్థలో పనిచేస్తున్న థియోడర్ బెంజింజర్ ఒక చక్కని ప్రయోగం ప్రకటించాడు. వేడి గదిలో చెమటలు కారుస్తున్న మనిషి చేత అతడు మంచు తినిపించాడు. మెదడు వేడిమికి దగ్గరి సూచికగా కర్ణభేరి వేడిమిని కొలిచాడు. మంచు కడుపులో పడగానే కర్ణభేరి వేడిమి తగ్గింది. దానితో పాటే చెమటా తగ్గింది. చెమట తగ్గడంతో ఆరే తడి కరవై చర్మం మరింత వేడెక్కింది. చర్మమే యజమాని అయితే, చర్మం వేడెక్కుతున్నప్పుడు చెమట పెరగవలసింది గదా! కాని జరిగింది అందుకు విరుద్ధం. తీర్పు మెదడు పక్షానికే దక్కింది.

అయితే ఆ తీర్పు కాస్త తొందరపాటుదే. చర్మానికి అసలు మాటే లేదని బెంజింజర్ ప్రయోగం నిరూపించలేదు. దాని మాట మెదడు మాటను మించదని మాత్రమే చూపింది. ఆ మాట విలువ ఎంతో లెక్కగట్టినవారు అమెరికాలో న్యూ హేవెన్‌లోని పియర్స్ ప్రయోగశాలకు చెందిన శాస్త్రజ్ఞులు. 1971లో ఈథన్ నాడెల్, రాబర్ట్ బుల్లార్డ్, జాన్ స్టోల్విక్ తమ ఫలితాలను ప్రకటించారు. వారు లోపలి వేడిమిని, చర్మం వేడిమిని వేర్వేరుగా మార్చుతూ చెమటను కొలిచారు. తేలినవి రెండు సంగతులు.

మొదటిది, చర్మం మొత్తం పది డిగ్రీలు వేడెక్కితే చెమటకు కలిగే ప్రేరణ, లోపలి భాగం ఒక్క డిగ్రీ వేడెక్కినప్పుడు కలిగే ప్రేరణకు ఇంచుమించు సమానం. చర్మం విన్నపం చేసుకుంటుంది, మెదడు ఆలకిస్తుంది. కాని ఆ విన్నపానికి పదింట ఒక వంతు విలువే. ఆ ఒక వంతు కూడా తీసిపారేయదగినది కాదు. లోపలి వేడిమి మారేది దశాంశాలలో, చర్మం వేడిమి మారేది డిగ్రీలలో. ఎండలోకి అడుగుపెట్టిన కొద్ది నిమిషాలకే, రక్తం ఇంకా వేడెక్కకముందే, చెమట మొదలవడానికి కారణం ఈ ముందస్తు విన్నపమే. ప్రమాదం గుమ్మం దగ్గర ఉండగానే కావలివాడు కేక వేసినట్లు చర్మం పనిచేస్తుంది.

రెండవది మరింత ఆసక్తికరమైనది. మెదడు నుండి ఒకే స్థాయి ఆజ్ఞ వచ్చినా, ఆ గ్రంథి ఉన్నచోట చర్మం వెచ్చగా ఉంటే చెమట ఎక్కువగా, చల్లగా ఉంటే తక్కువగా ఊరుతుంది. ఆ చోట చర్మం పది డిగ్రీలు వేడెక్కితే ఊరే చెమట రెండున్నర రెట్లకు పైగా పెరుగుతుంది. ఇక్కడ చర్మం పాత్ర విన్నపం కాదు. ఆజ్ఞను అమలు చేసే ఉద్యోగి పాత్ర. రాజాజ్ఞ ఒకటే అయినా ఊరూరా అమలు తీరు వేరువేరుగా ఉన్నట్లు, ఒకే శరీరంపై ఎండ తగిలిన భుజం ఎక్కువగా, నీడనున్న భుజం తక్కువగా చెమర్చవచ్చు.

ఇప్పుడు చన్నీళ్ళ స్నానం దగ్గరకు తిరిగి రావచ్చు. నాలుగు చెంబుల నీళ్ళు చర్మాన్ని చల్లబరిచాయే గాని రక్తంలోని వేడిని తీసివేయలేదు. పైపెచ్చు చలికి చర్మంలోని రక్తనాళాలు ముడుచుకొని లోపలి వేడిని లోపలే బంధించాయి. చల్లబడిన చర్మం "ఇక చాలు" అని మెదడుకు విన్నవించింది. చల్లబడిన గ్రంథులు ఎలాగూ మందగించాయి. అందువల్ల చెమట ఆగింది. తువ్వాలుతో తుడుచుకొని చొక్కా తొడుక్కోగానే చర్మం తిరిగి 33, 34 డిగ్రీలకు చేరింది. అడ్డుకట్టలు రెండూ తొలగాయి. లోపలి వేడి మాత్రం అలాగే ఉన్నది. కనుక మెదడు ఆపిన పనిని మళ్ళీ మొదలుపెట్టింది. తప్పు చెమటది కాదు, తొందరది. లోపలి వేడి దిగేదాకా తీరికగా ఎక్కువసేపు నీళ్ళు పోసుకొని, ఆపై కాసేపు పంకా కింద కూర్చున్నవానికి ఈ అవస్థ అంతగా ఉండదు.

చర్మం చేసే విన్నపం ఎప్పుడూ నిజమే కానక్కరలేదు కూడా. కొత్త ఆవకాయ కలుపుకొని మొదటి ముద్ద నోట పెట్టినప్పుడు నుదుట చెమట పడుతుంది. ఆ క్షణాన రక్తం వేడెక్కలేదు, చర్మం వేడెక్కలేదు. 1997లో డేవిడ్ జూలియస్, ఆయన సహచరులు ఈ వింతకు మూలం కనుగొన్నారు. నాడీ కొసలలో టిఆర్‌పివి1 అనే మాంసకృత్తు ఉన్నది. దాదాపు 43 డిగ్రీలు దాటిన వేడికి అది తెరుచుకొని "కాలుతున్నది" అని వార్త పంపుతుంది. మిరపకాయలోని క్యాప్సైసిన్ తగిలినా అదే తలుపు తెరుచుకుంటుంది, అదే వార్త వెళ్తుంది. మెదడుకు తేడా తెలియదు. ఉష్ణ, స్పర్శ జ్ఞానాల రహస్యాలను వెల్లడించినందుకు 2021లో జూలియస్‌కు, ఆర్డెమ్ పటపూటియన్‌కు కలిపి వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. ఇక భయంతో పట్టే ముచ్చెమటల తీరు వేరు. అరచేతులు, అరికాళ్ళు ముఖ్యంగా మనసు మాట వింటాయి గాని ఎండ మాట అంతగా వినవు.

ఇంతవరకు చెప్పినది చెమట ఊరడం గురించి. కాని ఊరిన చెమట ఆరకపోతే ప్రయోజనం లేదు. గడ్డం మీదుగా బొట్లుబొట్లుగా రాలిపోయిన చెమట శరీరాన్ని ఏమాత్రం చల్లబరచదు; ఒంట్లోని నీటిని మాత్రం ఖర్చు చేస్తుంది. ఇక్కడే చర్మోష్ణోగ్రతకు మూడవ పాత్ర వస్తున్నది. ఇది శరీరశాస్త్రం కాదు, శుద్ధ భౌతికశాస్త్రం. తడి చర్మం వద్ద నీటి ఆవిరి పీడనం ఎంత ఉంటుందనేది చర్మం వేడిమిపై ఆధారపడుతుంది. చుట్టూ ఉన్న గాలిలోని ఆవిరి పీడనం అంతకు తక్కువగా ఉంటేనే చెమట ఆరుతుంది. ఎండ వేళ చర్మం 35 డిగ్రీల దగ్గర ఉంటుందనుకుంటే, గాలిలోని తేమ ఆ 35 డిగ్రీల స్థాయిని అందుకున్ననాడు చెమట ఆరే దారి మూసుకుపోతుంది.

గల్ఫ్ తీరంలో ఉండే తెలుగు కుటుంబాలకు ఇది పుస్తకాల్లోని ఊహ కాదు. అక్కడి సముద్రం లోతు తక్కువ. వేసవి చివర దాని నీరే ముప్పయి డిగ్రీలు దాటి ఉంటుంది. సౌదీ అరేబియాలోని దహ్రాన్‌లో 2003 జూలై 8న గాలి వేడిమి 42 డిగ్రీలు ఉండగా, తుషారస్థానం 35 డిగ్రీలకు చేరింది. తుషారస్థానమంటే గాలిలోని తేమ మంచుబిందువులుగా మారడం మొదలయ్యే వేడిమి. లెక్కగడితే ఆ రోజు తడిబట్ట చుట్టిన ఉష్ణమాపకం 36 డిగ్రీల పైన చూపి ఉండాలి. దీనికి భిన్నమైనది కువైట్ ఎడారిలోని మిత్రిబా. 2016 జూలై 21న అక్కడ నమోదైన 53.9 డిగ్రీలను ప్రపంచ వాతావరణ సంస్థ ధ్రువీకరించింది. అంకె చూడగా మిత్రిబాయే భయంకరంగా కనిపిస్తుంది. కాని ఎడారి గాలి పొడిగా ఉంటుంది. ఉదాహరణకు 50 డిగ్రీల వేడిలో తేమ పది శాతమే ఉంటే తడిబట్ట ఉష్ణమాపకం 24 డిగ్రీల దగ్గరే నిలుస్తుంది. తాగడానికి నీళ్ళు, నిలబడడానికి నీడ ఉంటే ఆ గాలిలో చెమట తన పని తాను చేయగలదు. దహ్రాన్ గాలిలో అది చేయలేదు. రెంటచింతల, రామగుండం ఎండకూ, మచిలీపట్నం ఉక్కపోతకూ తేడా ఎరిగినవారికి ఈ సంగతి కొత్త కాదు.

పొడి ఎండకు మరో మోసం ఉన్నది. చెమట పుట్టిన చోటే ఆరిపోవడంతో ఒళ్ళు తడిగా కనిపించదు. చెమట పట్టడం లేదనుకొని మనిషి నీళ్ళు తాగడు. గంటకు లీటరు పైగా నీరు పోతున్నా అతనికి తెలియదు. ఉక్కపోతలో మోసం ఇందుకు విరుద్ధంగా ఉంటుంది. చర్మం గంటల తరబడి తడిసి ఉంటే పైపొర ఉబ్బి స్వేదనాళాల నోళ్ళు మూసుకుంటాయి. ఆజ్ఞ వస్తూనే ఉన్నా చెమట క్రమంగా తగ్గిపోతుంది. చెమటకాయలు పుట్టేది కూడా ఈ మూసుకుపోయిన నాళాల వల్లనే. ఒళ్ళు అప్పుడప్పుడు తుడుచుకోవడం, తడిసిన బనీను మార్చుకోవడం శుభ్రతకే కాక వేడి నివారణకూ పనికివస్తుందన్నమాట.

తడిబట్ట ఉష్ణమాపకం 35 డిగ్రీలు చూపితే ఆరోగ్యవంతుడు సైతం కొద్ది గంటలకు మించి బతకలేడని 2010లో స్టీవెన్ షెర్‌వుడ్, మాథ్యూ హ్యూబర్ సిద్ధాంతరీత్యా లెక్కగట్టారు. ఆ తరువాత పెన్సిల్వేనియా రాష్ట్ర విశ్వవిద్యాలయంలో యువతీయువకులపై జరిపిన పరీక్షలలో అసలు హద్దు అంతకంటే కిందనే ఉన్నదని తేలింది. తేమ గాలిలో తేలికపాటి కదలికలు చేస్తున్న ఆరోగ్యవంతుల శరీరం కూడా 30, 31 డిగ్రీల దగ్గరే లోపలి వేడిమిని అదుపులో ఉంచుకోలేకపోయింది. వృద్ధులకు ఈ హద్దు మరింత కిందికి దిగుతుంది.

ఈ లెక్కలకు తూగే బరువు మోస్తున్నవారు ఎడారి రాజ్యాలలో కట్టడాల మీద పనిచేసే కూలీలు. వారిలో తెలుగు జిల్లాల నుండి వెళ్ళినవారు వేలల్లో ఉన్నారు. కువైట్‌లో జూన్ నుండి ఆగస్టు చివరి వరకు పగలు 11 నుండి 4 గంటల వరకు, ఎమిరేట్లలో జూన్ 15 నుండి సెప్టెంబరు 15 వరకు 12.30 నుండి 3 గంటల వరకు ఆరుబయట ఎండలో పని నిషిద్ధం. ఈ నిబంధనలు మేలైనవే. అయితే గడియారం ఎండను చూస్తుంది గాని తేమను చూడదు. తీరప్రాంతంలో పొద్దువాలిన తరువాత సముద్రగాలి తెచ్చే ఉక్క మధ్యాహ్నపు ఎండ కంటే ప్రమాదకరం కావచ్చు. 2021లో ఖతార్ ప్రభుత్వం పని వేళలను కుదించడంతో పాటు, తేమ, ఎండ, గాలి కలిపి కొలిచే సూచిక 32.1 డిగ్రీలు దాటితే ఏ వేళనైనా పని ఆపాలని ఉత్తర్వు చేసింది. శాస్త్రానికి సమ్మతమైన పద్ధతి అది.

శరీరం వేడికి అలవాటు పడగలదు. రోజూ కొంతసేపు వేడిలో శ్రమిస్తే ఒకటి రెండు వారాలలో చెమట ముందుగా మొదలవుతుంది, ఎక్కువగా పడుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. అంటే ఇదివరకటి కంటే తక్కువ వేడిమి వద్దనే మెదడు ఆజ్ఞ ఇవ్వసాగుతుంది. ఫలితంగా చర్మం ఎక్కువ చల్లగా ఉండి, లోపలి వేడి సులభంగా బయటికి వస్తుంది. ఈ అలవాటు లేని తొలి రోజులే గండాలు. ఆరుబయట పనిలో వేడివల్ల సంభవించే మరణాలలో 50 నుండి 70 శాతం పనిలో చేరిన మొదటి కొద్ది రోజులలోనే జరుగుతున్నాయని అమెరికా కార్మిక భద్రతా శాఖ చెబుతున్నది. అందుకే కొత్తవారికి మొదటి రోజు పూర్తి పనిలో ఐదో వంతు మాత్రమే ఇచ్చి, రోజుకు మరో ఐదో వంతు చొప్పున పెంచవలసిందని సూచిస్తారు. విమానం దిగిన మరునాడే నిండు ఎండలో నిలబెట్టే మేస్త్రీకి ఈ సంగతి తెలియకపోవచ్చు. పంపించే కుటుంబానికైనా తెలిసి ఉండడం మేలు.

ఈ అలవాటు నిలిచేది కూడా కొద్ది వారాలే. ఇరవై ఏళ్ళుగా గల్ఫ్‌లో ఉన్నా ఇంట్లో ఏసీ, కారులో ఏసీ, ఆఫీసులో ఏసీ మధ్య గడిపినవారి శరీరానికి ఆ దేశపు ఎండ పరిచయమే ఉండదు. వేసవి సెలవులకు అమెరికా నుండో, గల్ఫ్ నుండో స్వగ్రామం చేరే పిల్లల పరిస్థితీ ఇదే. అక్కడి మేనత్త పిల్లలతో సమానంగా మిట్టమధ్యాహ్నం మామిడితోటలో పరుగులు పెట్టాలని వారికీ ఉంటుంది. రోహిణీకార్తెలో రోళ్ళు పగులుతాయన్న సామెత వారికి తెలియదు, వారి స్వేదగ్రంథులకూ తెలియదు. మొదటి వారం ఉదయం, సాయంకాలం ఆటలతో సరిపెట్టి, ఉప్పు వేసిన మజ్జిగ తరచుగా ఇవ్వడం అతిజాగ్రత్త అనిపించుకోదు. లీటరు చెమటతో రెండు గ్రాముల ఉప్పు పోవడం మామూలే.

పిల్లల సంగతిలో జపాన్ శాస్త్రజ్ఞుడు యాస్ కునో చెప్పిన ఒక అంశం ప్రవాసులను ఆలోచింపజేస్తుంది. జీవితమంతా చెమటను అధ్యయనం చేసిన ఈయన గ్రంథాలు 1934లో, 1956లో వెలువడ్డాయి. మనిషి పుట్టినప్పుడే స్వేదగ్రంథులన్నీ ఉంటాయట. కాని వాటిలో ఎన్ని పనిలోకి దిగుతాయన్నది మొదటి రెండు మూడేళ్ళలో శిశువు పెరిగిన వాతావరణమే నిర్ణయిస్తుందని ఆయన అభిప్రాయం. ఉష్ణదేశాలలో పుట్టి పెరిగిన జపనీయులలో పనిచేసే గ్రంథుల సంఖ్య, పెద్దయ్యాక అక్కడికి వలస వెళ్ళిన జపనీయుల కంటే ఎక్కువగా ఉండడం ఆయన గమనించాడు. ఆయన పరీక్షించినది కొద్దిమందినే కనుక దీన్ని శిలాశాసనంగా భావించనక్కరలేదు.

వృద్ధుల విషయంలో మాత్రం సందేహానికి తావు లేదు. వయసు పెరిగినకొద్దీ ఒక్కొక్క గ్రంథి ఊర్చే చెమట తగ్గుతుంది. దాహమూ మందగిస్తుంది. చర్మం వేడిని పసిగట్టే శక్తి సన్నగిల్లడంతో విన్నపమే ఆలస్యమవుతుంది. చాలాకాలంగా మధుమేహం ఉన్నవారిలో పాదాలకు వెళ్ళే నాడులు దెబ్బతిని కాళ్ళు పొడిబారుతాయి. ఆ లోటు తీర్చడానికన్నట్లు ముఖం, ఛాతీ ఎక్కువగా చెమరుస్తాయి. ఇక్కడే ఎసిటైల్‌కొలీన్ పేరు మళ్ళీ తలచుకోవాలి. జలుబుకూ దురదకూ వాడే డైఫెన్‌హైడ్రమిన్, మూత్రం ఆపుకోలేనివారికి ఇచ్చే ఆక్సిబ్యుటినిన్, దిగులుకు, నరాల నొప్పులకు ఇచ్చే అమిట్రిప్టిలిన్ వంటి మందులు ఆ దూతను అడ్డగిస్తాయి. మెదడు ఆజ్ఞ బయలుదేరుతుంది గాని గ్రంథికి చేరదు. వేసవిలో తల్లిదండ్రులను రప్పించుకొనేవారు, లేక వారి దగ్గరకు వెళ్ళేవారు ఈ మందుల విషయం వైద్యునితో ఒకసారి మాట్లాడడం మంచిది. సొంతంగా మానివేయడం మాత్రం తగదు. పంకా విషయం కూడా ఉన్నది. గాలి 40 డిగ్రీలు దాటితే పంకాను నమ్ముకోవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. చెమట తగ్గిన ఒంటిపై ఆ గాలి వడగాడ్పే.

2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు భారతదేశంలో రెండు వేల మందికి పైగా మరణించారు. అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలవారు. వడదెబ్బ తగిలినవాని ఒళ్ళు పొడిగా, నిప్పులా ఉంటుందని పాత పుస్తకాలు చెబుతాయి. ఇంటిపట్టున ఉండే వృద్ధుల విషయంలో అది తరచు నిజమే. కాని ఎండలో పనిచేస్తూ, ఆటలాడుతూ కుప్పకూలినవారి ఒళ్ళు చెమటతో తడిసి ఉండవచ్చు, తాకితే చల్లగానే అనిపించవచ్చు. చెమట పడుతున్నది గదా, భయం లేదనుకొని పక్కన కూర్చోబెట్టిన సందర్భాలలో ప్రాణాలు పోయాయి. చూడవలసినది చర్మాన్ని కాదు, మాటను. తడబాటు, పొంతన లేని జవాబులు, స్పృహ తప్పడం కనిపిస్తే లోపలి వేడిమి 40 డిగ్రీలు దాటిందనే భావించాలి. చల్లని నీళ్ళు పోస్తే చర్మపు రక్తనాళాలు ముడుచుకొని లోపలి వేడి మరింత పెరుగుతుందన్న శంక ఒకప్పుడు వైద్యులకూ ఉండేది. స్నానం విషయంలో చెప్పిన సూత్రమే వారినీ భయపెట్టింది. కాని నాలుగు చెంబులకూ నిండు తొట్టికీ తేడా ఉన్నది. మెడ వరకు చన్నీళ్ళలో ఉంచితే నాళాలు ముడుచుకున్నా, నిమిషానికి దాదాపు డిగ్రీలో ఐదో వంతు చొప్పున లోపలి వేడి దిగుతుంది. తల నీటిలో మునగకుండా ఒకరు పట్టుకోవాలి. తొట్టి లేనిచోట ఒళ్ళంతా తడుపుతూ విసురుతూ ఉండాలి. స్పృహ సరిగా లేనివానికి నోట నీళ్ళు పోయరాదు. అంబులెన్సుకు కబురు చేయవలసిందే, కాని అది వచ్చేదాకా చల్లబరచడం ఆపకూడదు. మొదటి అరగంటలో వేడిమి 39 డిగ్రీల కిందికి దిగినవారిలో చాలామంది కోలుకుంటారు.